కెప్టెన్ గారి తేలిక గ్లాసు

2001 ఫిబ్రవరి, ఉదయం పదకొండింటికి పోస్టు చేరాను. కాశ్మీరులో ఒక శిఖరం. పన్నెండు వేల అడుగులు. నడుము లోతు మంచు. నా సామాను ఒక రైఫిలు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, ఒక ట్రే. ఎనిమిదిలో బడి మానేసిన నన్ను సైన్యం మెస్ వెయిటర్‌ని చేసింది. నన్ను చూసి శత్రువు భయపడ్డాడో లేదో గానీ, గాజు గ్లాసులు మాత్రం వణికేవి.

కెప్టెన్ గారే తన మందు కలపడం దగ్గరుండి నేర్పారు. స్కాచ్ ఒక వంతు, వెర్మూత్ రెండు వంతులు. వెర్మూత్ అంటే మూలికలు నానబెట్టిన వైన్. వాసన అచ్చం మా నాయనమ్మ కషాయమే. ఐసు వేసి చెంచాతో నెమ్మదిగా ముప్ఫై తిప్పులు. కుదపకూడదు.

"తేలికగా ఉండాలి. పొద్దున్నే నా చెయ్యి వణక్కూడదు" అనేవారు.

ఆయన ఆజ్ఞ ఒకటే. గస్తీకి వెళ్లినవాళ్లు అందరూ లోపలికొచ్చాకే గ్లాసు నింపాలి. మాది గోదారిలో చేపల వేటకెళ్లే కుటుంబం. పడవ రేవుకు తగిలేదాకా మా అమ్మ కంచంలో అన్నం పెట్టేది కాదు. అందుకే ఆ ఆజ్ఞ నాకు వింతగా తోచలేదు.

ఒకరోజు కెప్టెన్ గారు నలుగురిని తీసుకుని తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరారు. ఒంటిగంటకు రావాలి. పన్నెండూ యాభైకి రేడియో పలికింది: "పోస్టు కనిపిస్తోంది."

సంబరం ఆపుకోలేక కలిపేశాను.

ఒంటిగంటా ఐదుకి మంచుగాలి లేచింది. చెయ్యి చాస్తే వేళ్లు కనబడవు. రేడియో మూగబోయింది.

రేడియో ఆపరేటర్‌ది సామర్లకోట. గ్లాసు చూసి, "ఏంట్రా, అప్పుడే పోసేశావా?" అన్నాడు.

"కనిపిస్తోందన్నారుగా."

"గట్టు మీంచి చూస్తే అవతలి ఒడ్డూ కనిపిస్తుంది. గోదారి దాటేసినట్టేనా?"

వెళ్లి బంకరు తలుపు దగ్గర నిలబడ్డాను. రెండయింది. రెండున్నర. బంకర్లో పొయ్యి వేడికి ఐసు కరిగిపోయింది. పారబోయడానికీ భయమేసింది.

మూడూ పదికి తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. లెక్కపెట్టాను. ఐదుగురు. కెప్టెన్ గారు చివర. ఒక జవాను గ్లౌజులు గాలికి కొట్టుకుపోతే తనవి ఇచ్చేశారట. నవ్వుతూ గ్లాసు కోసం చెయ్యి చాచారు. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. మడతపడలేదు.

"మందొద్దు సార్, ముందు గోరువెచ్చని నీళ్లు" అంటూ నర్సింగ్ అసిస్టెంటు నన్ను పక్కకు నెట్టాడు.

మర్నాడు హెలికాప్టర్ ఆయన్ని తీసుకెళ్లింది. రెండు వేళ్లు తీసేశారని తరవాత తెలిసింది.

2003లో రాజమండ్రి వచ్చేశాను. అప్పుడప్పుడు ఆదివారం ఇంట్లో మా చెల్లెలి భర్తకు అదే కొలతతో కలుపుతాను. అందిస్తాను గానీ గ్లాసు వదలను.

"ఏంటండీ బావగారూ, ఇస్తారా, మీరే పట్టించేస్తారా?"

"ఉండండి బావగారూ, మీ వేళ్లు డ్యూటీ ఎక్కాయో లేదో చూస్తున్నా."

ఆయన పగలబడి నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. గ్లాసు దాకా వచ్చి, పట్టుకోలేక ఆగిపోయిన ఆ తెల్లటి వేళ్లు మాత్రం నా కళ్ల ముందునుంచి కదలవు.