చల్లారని ఇస్త్రీపెట్టె

అది ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. పంజాగుట్టలో ఒక ఆఫీసు పైఅంతస్తులోని చిన్న హాల్లో జరిగింది. దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. బల్కంపేట గుడి దగ్గర ఎవరికైనా పూనకం వస్తే పక్కకు జరిగి నా దారిన పోతాను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఉన్నది ఉన్నట్టు రాయడమే వచ్చు.

అమీర్‌పేటలో మాది ఇస్త్రీ బండి. కంప్యూటర్ కోర్సులకు వచ్చే పిల్లల బట్టలే మా బతుకు. బొగ్గుల పెట్టెలు రెండు. నేను ఒకదానితో రుద్దుతుంటే నా భర్త నర్సింలు రెండోదాంట్లో నిప్పులు వేసి ఉంచేవాడు. నేను అటు చూడకుండా ఎడమ చెయ్యి చాపితే వేడి పెట్టె చేతికొచ్చేది. ఆయన పోయాక రెండు పనులూ నావే. మాటిమాటికీ ఆగి బొగ్గులు వేయాలి. చేతకాక బండి అమ్మేస్తానన్నాను. కొనేవాడు ఆ ఆదివారం సాయంత్రమే వస్తానన్నాడు.

మాకు ఇస్త్రీకి బట్టలిచ్చే అనిత మా గల్లీల మీద సినిమా తీసింది. ఆయన పోయిన తర్వాత తీసిందే. అందులో నేనూ ఉన్నానని, చూడటానికి ఆ హాలుకు పిలిచింది. పాటల్లేవు, కథ లేదు. బస్సు కోసం నిలబడ్డ మనుషులు, వానలో తడిసే కోర్సుల బోర్డులు. కెమెరా కదలదు.

"గిదేం సినిమా అత్తమ్మా? మన కిటికీల నుంచి చూస్తే సుత గిదే కనిపిస్తది," అంది కోడలు పద్మ నవ్వుతూ.

"జర చూడనియ్యి. మన గల్లీని ఇంతసేపు ఎవరు చూసిండ్రు?" అన్నాను. నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

అంతలో నా బండి వచ్చింది. నేనొక్కదాన్నే రుద్దుతున్నాను. చల్లారిన పెట్టెను ఎడమకు పెట్టి, అటు చూడకుండా చెయ్యి చాపాను. రెండోది అందుకున్నాను. తడిబట్ట మీద ఆవిరి లేచింది. మళ్లీ అలాగే. మూట మొత్తం అయిపోయింది. ఒక్కసారి కూడా బొగ్గులు వేయలేదు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి అనితను అడిగాను. "నడుమ నేను బొగ్గులేసేది కోసేసినవా బిడ్డా?"

"లేదండీ, అక్కడ ఒక్క కట్ కూడా లేదు. మీరు ఆగకుండా చేస్తున్నారనే అంతసేపు ఉంచాను."

మళ్లీ వేయించాను. అదే. పద్మ నవ్వడం మానేసింది. "మామ ఉన్నప్పుడు గిట్లనే చేస్తుంటివి," అంది మెల్లగా.

కొనేవాణ్ణి వెనక్కి పంపాను. మర్నాడు బండి దగ్గర చెయ్యి చాపితే ఏమీ అందలేదు. ఇప్పటికీ రోజూ ఒకసారి చాపుతాను. ఆ సినిమాలో కనిపించింది ఏమిటో నాకు తెలియదు.

ఆ రోజు హాల్లో ఉన్నది అనిత, సినిమా మిషన్ నడిపిన రఫీక్ భాయ్, పద్మ, లచ్చమ్మ అనే నేను. ఈ పేర్ల పక్కన నర్సింలు పేరు కూడా రాయాలా వద్దా అని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.