మరయాంగ్ నుంచి వచ్చిన సారె

రెండువేల సంవత్సరం మొదట్లో మాట. తారీకు మారితే కంప్యూటర్లన్నీ కూలిపోతాయన్న భయం తీరి, మా ఆఫీసు ఊపిరి పీల్చుకుంటున్న రోజులు. సిడ్నీలోని పారమట్టాలో ఉండేవాళ్ళం. మా ఆవిడ పద్మకు ఏడో నెల. కాకినాడ నుంచి కాజాల సారె పట్టుకుని రావాల్సిన మా అత్తగారికి వీసా రాలేదు. పద్మ పైకి ఏమీ అనేది కాదు కానీ, పిండివంటల మాట వస్తే చాలు, లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

ఆఫీసులో నా పక్క సీటు హలీనాది. పోలండ్ ఆవిడ, అరవైకి దగ్గర పడ్డారు. అందరూ పేరు పెట్టి పిలిచినా నాకు నోరు రాక ఆంటీ అనేవాణ్ణి. ఒక గురువారం డబ్బా నిండా ఖ్రుష్చికి అనే పిండివంట తెచ్చారు. ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే ముందు గురువారం నూనె వంటలు కడుపునిండా తినడం వాళ్ళ ఆచారమట. రిబ్బన్ ముడిలా పల్చగా, కరకరలాడుతూ, పైన పంచదార పొడి. రెండు దాచి ఇంటికి తెచ్చాను. పద్మ ఒకటి కొరికి, "పాకంలో వెయ్యకముందు మా అమ్మ కాజా ఇలాగే ఉంటదండి," అని ఏడ్చేసింది.

ఆంటీకి చెబితే శనివారం తమ ఇంటికి రమ్మన్నారు. పొద్దున తొమ్మిదింటికి రైలెక్కి, బ్లాక్‌టౌన్‌లో మారి, మరయాంగ్‌లో దిగాను. అరగంట పైచిలుకు ప్రయాణం, రానూపోనూ టికెట్టు అయిదు డాలర్ల లోపే. మైదా, గుడ్డు సొన, పుల్లటి మీగడ కలిపిన ముద్దను అప్పడాలకర్రతో చావబాదడం నా పని.

"ఇంకా కొట్టు, గాలి లోపలికి పోవాలి," అని పక్కన నిలబడి అదిలించారు.

చెంచాడు సారాయి పొయ్యాల్సిన చోట, కడుపుతో ఉన్న పిల్ల కోసమని వెనిగర్ పోశారు. పాత పద్ధతిలో పంది కొవ్వులో వేయిస్తారట. మాకోసం కొత్త నూనె సీసా విప్పారు. డబ్బా మూత పెడుతూ అడిగారు.

"మీలో ఇది అమ్మాయికి ఎవరు తీసుకెళ్ళాలి?"

"పుట్టింటివాళ్ళు, ఆంటీ. వాళ్ళమ్మ."

"మరి నువ్వు తీసుకెళ్తే ఎలా?" అంటూ ఏప్రన్ విప్పేశారు. "పంతొమ్మిదేళ్ళకి వచ్చాను ఈ దేశం. నా రెండు కాన్పులకీ మా అమ్మ లేదు. పద, రైలు పోతుంది."

తలుపు తీసిన పద్మ చేతిలో ఆ డబ్బా ఆవిడే పెట్టారు. ఆవిడ పుట్టింటివాళ్ళ తరఫున వచ్చారని నేను చెప్పాక పద్మ కుంకుమ భరిణె తెచ్చింది. మెల్లిగా, "ఆవిడకి బొట్టు పెట్టొచ్చాండీ?" అంది. ఆంటీ నుదుటి మీద ఆ బొట్టుతోనే మరయాంగ్ తిరిగి వెళ్ళారు.

మీరూ ఇవి తినడానికి మరయాంగ్‌లోని పోలండ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలనుకుంటే, ఉపవాసాల ముందు వచ్చే ఆ గురువారానికే వెళ్ళండి; ఏ కొవ్వులో వేయించారో ముందే అడగండి. ఆంటీ డబ్బా సంగతంటారా, ఖాళీగా తిరిగివ్వకూడదని పద్మ అందులో జంతికలు పెట్టి పంపింది. ఆవిడా ఖాళీగా ఇవ్వలేదు. అలా ఏళ్ళ తరబడి ఆ డబ్బా రెండిళ్ళ మధ్య తిరిగింది. చివరిసారి మావంతుకు వచ్చాక, తిరిగివ్వడానికి ఆంటీ లేరు. ఇప్పటికీ పద్మ దాన్ని ఖాళీగా ఉంచదు.