అన్నకి పెట్టాలనుకున్న ముద్ద

మా అత్తగారు పోయారని పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి చెప్పినప్పుడు, "ఏ అత్తగారు?" అని అడిగాను. నాకున్నది ఒక్క అత్తగారే. ఆ పొద్దున్నే నా టిఫిన్ డబ్బా మూత సరిగ్గా బిగించలేదని గేటు దాకా నా వెనకాలే వచ్చి మరీ బిగించి పంపించారు. నేను బడిలో స్టాఫ్ రూంలో నిలబడి ఉన్నాను. ఆ డబ్బా నా ఎదురుగా బల్ల మీదే ఉంది.

"మీ అత్తేనమ్మా," అంది పిన్నిగారు. "బట్టలారేసొచ్చి అరుగు మీద కూకున్నాది. నాను మాటాడతన్నాను, ఊఁ కొడతన్నాది. ఇంతలోకి ఊఁ కొట్టడం మానేసినాది. సూద్దును గదా, మరేటి నేదు." అంతకంటే ఇంకేమీ లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆసుపత్రి లేదు. ఆర్.ఎం.పీ. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వెళ్ళిపోయాడట.

ఇది జరిగి ఇంకా వారం కూడా నిండలేదు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో "పోయారు" అనరు, "ప్రభువునందు నిద్రించారు" అంటారు. ఓదార్పు కోసం పెట్టిన ఆదరణ కూడికకి వచ్చినవాళ్ళందరూ నాతో ఆ మాటే అన్నారు. నేను తల ఊపుతూనే ఉన్నాను గానీ, నాకు ఎక్కడం లేదు. మా అత్తగారు పగలు నిద్రపోయే మనిషి కారు. ఎప్పుడైనా కన్నంటుకున్నా పాలవాడి సైకిల్ బెల్లు వినబడితే చటుక్కున లేచి కూర్చునేవారు. ఆ రోజు ఆవిడ పక్కన కూర్చుని ఎంతసేపు పిలిచానో నాకే తెలియదు. ఇప్పుడు ఇది రాస్తూ కూడా మధ్యలో ఆగి వంటింటి వైపు చెవి పెడుతున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, నోట్లో నాలుక లేని మనిషి అనీ రాయడం అలవాటు. మా అత్తగారి గురించి అలా రాస్తే విజయనగరంలో మా వీధి వీధంతా నవ్వుతుంది. ఆవిడకి ముక్కు మీద కోపం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మజ్జిగ మీద మూత పెట్టడం మరిచిపోయానని గిన్నెడు మజ్జిగా పెరట్లోకి విసిరేశారు. నేను బిక్కచచ్చిపోయి తలుపు చాటున నిలబడ్డాను. సాయంత్రం చూస్తే, ఆవిడ మెట్టు మీద కూర్చుని రోకలిబండతో ఆ గిన్నె సొట్టలు తీస్తున్నారు. నన్ను చూసి, "కోపమేమో నాకొచ్చినాది, సొట్టలేమో దీనికి పడ్డాయి. ఇదెక్కడి నాయం సెప్పు," అన్నారు. అది నాతో క్షమాపణ చెప్పడమని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తరవాత్తరవాత ఆవిడ కోపానికి ఒక దారి కనిపెట్టుకున్నారు. లోపల మంట మొదలవగానే మాట్లాడకుండా చీపురు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. ముందు మా వాకిలి ఊడ్చేవారు. కోపం దిగకపోతే పక్కింటి వాకిలి. అప్పటికీ దిగకపోతే వీధి మలుపు దాకా. ఎంత మేర శుభ్రంగా ఉంటే ఆ పూట అంత కోపం వచ్చిందన్నమాట. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఈవేళ మా ముంగిలి కూడా ఊడ్సీసినాది మీ అత్త. ఏటి సేసినావే?" అని నన్నే నిలదీసేది. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, చీపురు మూలన పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, "ఏటి, అప్పుడేటన్నావు?" అని మామూలు గొంతుతో అడిగేవారు ఆవిడ. అప్పటికి నేనేమన్నానో నాకే గుర్తుండేది కాదు.

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఒకటుంటుంది. జబ్బు తగ్గిందని ఒకరు, పిల్లవాడు పరీక్ష గట్టెక్కాడని ఒకరు లేచి దేవుణ్ణి స్తుతిస్తారు. మా అత్తగారు లేస్తే మాత్రం నా గుండెల్లో రాయి పడేది. "సంఘానికి వందనాలండి. ఈ వారం మా కోడల్ని అనరాని మాటన్నాను. ఇడ్లీ పిండి పులిసిపోనాదని. తప్పు నాదే. నా నోటి కోసం ప్రార్ధన సెయ్యండి," అని చెప్పి కూర్చునేవారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ నా చుట్టూ మూగి పిండి సంగతి అడిగేవారు. మా వంటింట్లో ఏం జరిగినా సంఘం రేకుల షెడ్డు కింద కూర్చున్న ప్రతి మనిషికీ తెలిసిపోయేది. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

ఒకసారి సంఘకాపరి అయ్యగారే మెల్లగా కల్పించుకున్నారు. సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు చెప్పడమమ్మా అన్నారు. మా అత్తగారు ఆయన వైపు వింతగా చూశారు. "అదే కదండీ సెప్తన్నాను. పోయినేడైతే గిన్నె ఇసిరీదాన్ని. ఈ ఏడు మాటతో ఆగినాను. ఇది మేలు కాదేటండీ?" అన్నారు. అయ్యగారు నవ్వేశారు. ఇంటికొచ్చే దారిలో ఆవిడ నాతో అన్నది కూడా గుర్తుంది. "మారుమనసు ఒక్క పూటలో వచ్చీసినాదే. ఈ నోరే, ఇంకా రానంతాది."

వీధి మంచినీళ్ళ కుళాయి దగ్గర బిందెల యుద్ధంలో ఒకప్పుడు ఆవిడకి ఎదురు లేదు. అలాంటి మనిషి బిందె తెచ్చి వరస చివర పెట్టడం మొదలుపెట్టేసరికి, కొన్నాళ్ళు ఎవరూ నమ్మలేదు. నీళ్ళల్లో ఏదైనా పడిందేమో, అందుకే ఈవిడ వెనక్కి జరిగింది అనుకుని వాసన చూసినవాళ్ళు కూడా ఉన్నారు. దీర్ఘశాంతం, సాత్వికం, ఆశానిగ్రహం అని ప్రసంగాల్లో వింటూ ఉంటాం కదా, అవి ఆకాశం నుంచి ఊడిపడే వరాలనుకునేదాన్ని నేను. ఒక మనిషి వాటి కోసం రోజూ పెనుగులాడడం, పడడం, లేవడం, చెమటోడ్చడం మా ఇంట్లోనే చూశాను.

అయితే ఆవిడ చేసిన ఒక పని మాత్రం చీపురుకీ లొంగలేదు, సాక్ష్యానికీ లొంగలేదు. అది వాళ్ళ అన్నగారి సంగతి.

ఆయన రామతీర్థం దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తారు. ఆవిడ పెళ్ళై పిల్లలు పుట్టాక ప్రభువుని నమ్ముకున్నారు. అన్నగారికి అది నచ్చకపోయినా రాకపోకలు మానలేదు. ఆయన కూతురి పెళ్ళిలో ఆడపడుచు లాంఛనంగా చెల్లెలికి చీర పెట్టారు. ఆనవాయితీ ప్రకారం అంచుకి పసుపు రాసి, దేవుడి పటం ముందు పెట్టి తెచ్చిన చీర అది. మా అత్తగారు కొత్తగా నమ్ముకున్న వేడి మీదున్నారు. పందిట్లో అందరూ చూస్తుండగా ఆ చీర తీసి మంచం మీద పడేసి, "ఇగ్రహం ముందెట్టింది నాకొద్దు," అన్నారట. అన్నగారు ఆ చీర అందుకుని, "నా సీర నీకు పనికిరాకపోతే నీ ఇంట మెతుకు నాకూ పనికిరాదు," అన్నారు. అంతే, ఆయన మళ్ళీ చెల్లెలి ఇంట్లో చెయ్యి కడగలేదు.

మా అత్తగారు ఆ వారం సంఘంలో అది గొప్ప విజయమని సాక్ష్యం చెప్పారట. అందరూ చప్పట్లు కొట్టారట. ఈ మాట నాకు చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను. "నమ్మకం తప్పు కాదే. పసుపు సీర కట్టకపోవడమూ తప్పు కాదు. పక్కకి పిలిసి, అన్నా, నాకిలగ కుదరదురా అని సెప్పుకుంటే ఇనీవోడే. అందరి ముందరా ఆడి మొకాన కొట్టినాను. దేవుడి పేరెట్టి నా పొగరు సూపించుకున్నాను," అన్నారు. ఆవిడ ఆ ఊరు వెళ్ళి ఆయన్ని క్షమించమని అడిగారు. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా అడిగేవారు. ఆయన మంచినీళ్ళిచ్చేవారు, అన్నం పెట్టించేవారు, పంట సంగతులు మాట్లాడేవారు. ఆ విషయం దగ్గరికి వచ్చేసరికి లేచి పశువుల పాక వైపు వెళ్ళిపోయేవారు.

మార్కెట్ పని మీద విజయనగరం వస్తే మా గేటు దగ్గర మోటారు సైకిల్ ఆపి హారన్ కొట్టేవారు. ఓ సంచిలో వంకాయలో చిక్కుళ్ళో ఇచ్చేవారు. బండి దిగేవారు కారు. ఆయన వస్తున్నారని తెలిసిన రోజు మా అత్తగారు ఆనపకాయ బెల్లం పులుసు పెట్టేవారు, అది ఆయనకి ప్రాణం. "ఓ ముద్ద తినెల్లన్నా," అనేవారు. "ఆకల్నేదే," అనేవారు ఆయన. బండి మలుపు తిరిగేదాకా ఆవిడ నిలబడి, లోపలికొచ్చి గిన్నె మీద మూత పెట్టేవారు. ఆ పులుసు సాయంత్రం మేమే తినేవాళ్ళం. నాకు ఒళ్ళు మండి, ఎందుకత్తా ఇంకా బతిమాలడం అన్నాను ఒకసారి. "కొట్టింది నాను. దెబ్బ తగ్గిందో నేదో ఆడికి తెలస్తాది గానీ నాకేటి తెలస్తాది? ఆకలేసినప్పుడు తింటాడు. అప్పుడు నా ఇంట్లో వంట నేదనకూడదు," అన్నారు.

ఆ రోజు నేను బడి నుంచి ఆటో దిగి ఇంట్లోకి వెళ్ళేసరికి ఆవిడని హాల్లో పడుకోబెట్టారు. సంఘం ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. మా ఆయన ఇంకా దారిలో ఉన్నారు. వాకిట్లో గుంపుగా చెప్పులు. నాకు ఏడుపు కూడా రావడం లేదు. అప్పుడే గేటు బయట హారన్ మోగింది.

అన్నగారు వస్తానని ముందు రోజే ఫోన్ చేశారన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకి ఎవరూ చెప్పలేదు. బండి మీదే కూర్చుని, హ్యాండిల్‌కి సంచి తగిలించుకుని, లోపలి పాటలు విని, "ఏటమ్మా, ఈవేళ మీ ప్రార్ధన మీటింగా? మీ అత్తని పిలు," అన్నారు నాతో. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని పక్కకి తిరిగిపోయింది. నేనే చెప్పాలి. ఏం చెప్పానో నాకు తెలియదు. ఆయన నన్ను చూసి చిరాకుగా, "అదేటి మాట? పొద్దున్న నాతో మాటాడింది కదా. పులుసెట్టినాను రమ్మన్నాది," అన్నారు. బండి స్టాండ్ వెయ్యడం మరిచిపోయి దిగారు. అది పక్కకి పడిపోయి వంకాయలు రోడ్డంతా దొర్లాయి. ఆయన ఆ గుమ్మం లోపల అడుగు పెట్టడం నేను చూడడం అదే మొదటిసారి.

మా ఆయన వచ్చాక సాయంత్రం భూస్థాపన అయింది. అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆయన దూరంగా తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. మన్ను వెయ్యమంటే వచ్చి వేశారు. నేరుగా ఊరు వెళ్ళిపోతారనుకున్నాం. మా వెనకాలే ఇంటికి వచ్చారు. పెరట్లో కుళాయి కింద స్నానం చేసి, తడి పంచెతోనే వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చున్నారు. పిన్నిగారు తన ఇంట్లో వండి తెచ్చిన అన్నం వడ్డించబోతే వద్దన్నారు. "మా సెల్లి వండిందెట్టు," అన్నారు నాతో.

"పొద్దుట వండింది పారబొయ్యాల కదన్నా. సావింట్లోది ఎవులైనా తింటారేటి?" అంది పిన్నిగారు.

"ఆకలేస్తన్నాదమ్మా," అన్నారు ఆయన. నన్నే చూస్తున్నారు.

పొద్దుటి అన్నం, మూత పెట్టినది పెట్టినట్టే ఉన్న పులుసూ తెచ్చి కంచంలో వడ్డించాను. ఆయన కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపేశారు. ఆ మొహం చూసి నాకు భయం వేసి, గరిటెలో చుక్క చేతిలో వేసుకుని రుచి చూశాను. అందులో ఉప్పు లేదు. మా అత్తగారు, చెయ్యి వేస్తే ఉప్పు కొలిచినట్టుండే మనిషి, ఉప్పు వెయ్యడం మరిచిపోయారు. ఆ పొద్దున పొయ్యి దగ్గరే ఆవిడకి ఏదో అయిందని, ఎవరికీ చెప్పకుండా వంట పూర్తి చేశారని నాకు అప్పుడు తెలిసింది.

ఉప్పు జాడీ తీసుకుని పరుగెత్తుకొచ్చాను. ఆయన ఎడమ చెయ్యి కంచం మీద అడ్డం పెట్టారు. ఆ చెయ్యి తియ్యకుండానే, తల వంచుకుని, కుడి చేత్తో ఒక్కొక్క ముద్దా కలుపుకుంటూ చప్పటి పులుసు అన్నం అంతా తింటూ కూర్చున్నారు.