మూడు చుట్లు, రెండు గెంతులు

మా పెదనాన్న ఒక్క ఆధారమే ఉన్న దేన్నీ నమ్మడు. వంటయిందని పెద్దమ్మ కేకేస్తే అది ఒక ఆధారం. కుక్కర్ కూత కూడా వినిపిస్తేనే చేతులు కడుక్కుంటాడు. రక్తపోటు ఎక్కువగా ఉందని డాక్టరు చెబితే, పక్కవీధి డాక్టరు దగ్గర కూడా చూపించుకుని, రెండు అంకెలూ కలిశాకే ఉప్పు తగ్గించాడు.

తొమ్మిదో తరగతిలో నేను లెక్కల్లో తప్పాను. మార్కుల కాగితం చూసి నాన్న కుర్చీలోంచి లేచాడు. పెదనాన్న అడ్డొచ్చి, ఇది ఒక్కటే ఆధారం, జవాబు పత్రం కూడా చూడాలన్నాడు. స్కూలు చుట్టూ తిరిగి అది తెచ్చేసరికి పది రోజులైంది. మార్కులు పెరగలేదు గానీ నాన్న కోపం చల్లారిపోయింది. పెదనాన్న చాదస్తం నాకు అలా కలిసొచ్చిందనుకున్నాను.

సర్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక పుస్తకం మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో మా ఊరి చివర పైలట్లకు శిక్షణ ఇచ్చిన స్కూలొకటి ఉండేది. అక్కడ చేరిన మూడు వందల పన్నెండు మందికీ తలా ఒక పేజీ. రాయడం ఆయన వంతు, టైపు చేయడం నా వంతు. పదకొండేళ్ళలో ముందుగది లాగ్‌బుక్కులతో నిండిపోయి, పెద్దమ్మ కుర్చీ వరండాలోకి వెళ్ళింది.

"మన పెళ్ళయిందనడానికైనా రెండు ఆధారాలున్నాయా?" అందావిడ ఒకరోజు.

"ఫొటో ఉంది, నువ్వున్నావు. సరిపోయింది," అన్నాడు.

పుస్తకం అచ్చుకు వెళ్ళే వారంలో ఒక పెద్దావిడ వచ్చింది. నర్సుగా పనిచేసి రిటైరైందట. ప్లాస్టిక్ కవరులోంచి జాగ్రత్తగా ఒక ఉత్తరం తీసింది. ఆ స్కూలు నుంచి వాళ్ళన్న రాసింది. 'ఈరోజు ఒంటరిగా విమానం నడిపాను, మూడు చుట్లు' అని ఉంది. తర్వాత మూడు నెలలకే అతన్ని ఇంటికి పంపేశారు. విమానం ముట్టుకోనైనా లేదని, ఉత్తరమంతా కోతలని తండ్రి బతికున్నంతకాలం దెప్పాడట. అన్న ఒక్కసారీ ఎదురు చెప్పలేదట.

"ఇప్పుడు నాన్నా లేడు, అన్నా లేడు. నాకు తెలిస్తే చాలు బాబూ. నడిపాడా, లేదా?"

పెదనాన్న ఉత్తరం రెండుసార్లు చదివాడు. "ఇది ఒక్కటే ఆధారమమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఉత్తరం మడవబోయింది.

"మడవకండి," అని ఆయన లోపలికెళ్ళి, శిక్షకుడి నోటుబుక్కు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అదే పేరు, అదే తేదీ. ఒంటరిగా మూడు చుట్లు, దిగేటప్పుడు రెండు గెంతులు. "నాలుగేళ్ళుగా దీనికి రెండోది దొరక్క ఈ పేజీ ఆపాను. ఇవాళ మీరు తెచ్చారు."

ఆవిడ ఆ వరస మీద పెట్టిన వేలు చాలాసేపు తీయలేదు. "రెండు గెంతులు," అని చివరికి నవ్వింది. "సైకిల్ దిగినా అంతే మా అన్న."

ఆవిడ వెళ్ళాక పేజీ టైపు చేద్దామని వాళ్ళన్న ఫైలు విప్పాను. అడుగున స్కూలు అధికారి ఉత్తర్వు ఉంది: 'పిరికివాడు. పనికిరాడు. ఇంటికి పంపడమైనది.' దానికింద అదే ఉత్తర్వు ఇంకో ప్రతి.

"పెదనాన్నా, ఇది రాయలేదేం? రెండున్నాయిగా."

"రెండోది నకలు. నకలు ఆధారం కాదు."

"పతకాలొచ్చిన వాళ్ళకి నకళ్ళు సరిపోయాయి. నేనే టైపు చేశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "పతకాల సంగతి వేరు."

"పోనీ, అసలైన రెండోదాని కోసం వెతికారా?"

"తీరికేదమ్మా?"

టైపు చేసిన పేజీలన్నీ తిరగేశాను. మూడు వందల పన్నెండు మందిలో పనికిరానివాడు ఒక్కడూ లేడు. అప్పుడు గుర్తొచ్చింది.

"పెదనాన్నా, నా లెక్కల జవాబు పత్రం స్కూలువాళ్ళు ఎన్నాళ్ళకిచ్చారు?"

"అడిగిన పూటే ఇచ్చారు," వరండాలోంచి పెద్దమ్మ అంది. "పది రోజులూ ఈయన పరుపు కిందే ఉంది."

పెదనాన్న తలెత్తలేదు. "మీ పెద్దమ్మ మాట ఒక్కటే ఆధారం," అన్నాడు.

నాకు ఆ ఒక్కటీ చాలింది.