అత్తగారి పికప్పుకు పడిన మరణశిక్ష

ఆ వీధిలో ఆయన్ని అందరూ జడ్జిగారనే పిలిచేవారు. నల్లకోటు కొనుక్కున్న పాపాన పోలేదు గానీ, గ్రీజు పుణ్యమా అని ఆయన తొడుక్కున్న ప్రతి చొక్కా కొన్నాళ్లకు నల్లకోటే అయ్యేది. వృత్తి మెకానిక్కు. బండికి ఎంత చిన్న రోగమొచ్చినా ఇంజన్ వాంగ్మూలం స్వయంగా వినందే నోరు విప్పేవారు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్‌కీ, పిడిని చెవికీ ఆనించి కళ్లు మూసుకునేవారు. బండి ఓనరు ఊపిరి బిగబట్టేవాడు. చివరికి జడ్జిగారు కళ్లు తెరిచి "ఫ్యాను బెల్టు" అనేవారు. అంతే, ఇక అప్పీలు లేదు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయన జాతకంలో లేదు. ఈ గుణానికి బయట గౌరవం, ఇంట్లో నవ్వు దక్కుతుండేవి.

అలాంటి న్యాయస్థానానికి ఒకనాటి ఉదయం సాక్షాత్తూ అత్తగారి పికప్పు వచ్చింది. వచ్చిందనడం మర్యాద కోసం. దగ్గి, తుమ్మి, ఎక్కిళ్లు పెట్టి, షెడ్డు ముందు ఊరుకుంది. వెనక తొట్టిలోని పూలమొక్కలు చాలాసేపటి వరకూ తలలూపుతూనే ఉన్నాయి.

అత్తగారిది మొక్కల నర్సరీ. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఆ పాత పికప్పును ఆవిడే నడుపుకుంటూ ఇంటింటికీ మొక్కలు చేరవేస్తోంది. ఇప్పుడది మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టి, ఎత్తు కనిపిస్తే చాలు చతికిలబడుతోంది. అది కాస్తా పోతే ఆవిడ గేటుకవతల అడుగుపెట్టే యోగం లేదు. పాత ఇనుము వ్యాపారి వెంటపడి వెంటపడి ప్రాణం తీస్తుంటే, ఆవిడ విసిగి మాట ఇచ్చేసింది: "బాగవుతుందని మా అల్లుడంటే ఉంచుకుంటాను. పోయిందంటే పట్టుకుపో." ఆ అల్లుడి నోటిమాట కోసం వ్యాపారి తన మోపెడ్డు మీద, అంత్యక్రియలకు వచ్చినవాడి మొహంతో, వెనకే వచ్చాడు. భారీ మనిషి. మోపెడ్డు కూడా కొంచెం దిగులుగానే ఉంది.

"దీనికేమైంది బాబూ?" అంది అత్తగారు.

"ముందు వాదనలు విననివ్వండి అత్తయ్యా," అన్నారు జడ్జిగారు.

మిస్సింగ్ అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొడుతోందన్నమాట. అదేదన్నది తేల్చడం తేలికే. ఇంజన్ ఆడుతుండగా ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూడాలి. కష్టపడేదాని వైరు పీకితే ఇంజన్ డీలా పడుతుంది. సోమరిదాని వైరు పీకితే చీమ కుట్టినట్టయినా ఉండదు. జడ్జిగారు అత్తగారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "స్టార్టు చేసి అలా వదిలెయ్యండి," అని చెప్పి, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, పైకి లేపిన బానెట్టు చాటుకు వెళ్లారు.

ఒకటో వైరు పీకారు. ఇంజన్ క్షణం తగ్గి, వెంటనే తేరుకుంది. "ఒకటోది చచ్చింది," అన్నారు. రెండోది పీకారు. తేరుకుంది. మూడోదానికి తగ్గనైనా లేదు. నాలుగో వైరు పీకితే ఇంజన్ మునుపటికంటే హుషారుగా అరిచింది. జడ్జిగారి నుదుటి మీద చెమట పట్టింది. స్క్రూడ్రైవరు ఆనించి విన్నారు. మళ్లీ విన్నారు. ఆఖరికి తలెత్తి, గంభీరంగా, "నాలుగూ పోయాయి," అన్నారు.

"ఆహా! తాడు తెస్తానుండండి," అన్నాడు వ్యాపారి.

అప్పుడే భోజనం క్యారేజీతో వచ్చిన జడ్జిగారి భార్య, ఆడుతున్న ఇంజన్‌కేసీ మొగుడికేసీ చూసింది. "ఏమండీ, నాలుగూ పోతే మరి ఆ చప్పుడు చేస్తున్నదెవరు? మా అమ్మా?"

అని, ఎందుకైనా మంచిదని డోరులోంచి తొంగిచూసింది. "అమ్మా! నీ కాలేం చేస్తోందే?"

అత్తగారి కాలు ఎక్సలేటరు మీద ఉంది.

"ఏం చెయ్యమంటావే? ఆయన వైరు పీకినప్పుడల్లా దీని గొంతు దిగిపోతోంది. పాపం, కాస్త ఊతమిచ్చాను."

"అత్తయ్యా!" అన్నారు జడ్జిగారు. "దొంగనీ దొరనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించేశారే!"

వ్యాపారి అప్పటికే తాడుతో సిద్ధం. "తీర్పు తీర్పేనండీ. ఈ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు, జడ్జిగారు మాట తప్పరని."

అత్తగారు బిత్తరపోయి అల్లుడి మొహంలోకి చూసింది. తన ఊతంతో తన బండికే ఉరి బిగిసిందని ఆవిడకప్పుడే బోధపడింది. జడ్జిగారు తాడు చూశారు, అత్తగారిని చూశారు. "నేను పొరపాటు పడ్డాను," అన్నారు.

"ఏమన్నారు? చప్పుడులో వినపడలేదు," అంది భార్య.

"పొరపాటు పడ్డాను!"

"ఇంకొక్కసారి అనండి, ప్లీజ్. పెళ్లైన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నా."

పునర్విచారణ మొదలైంది. అత్తగారిని పక్క సీట్లోకి మార్చి, బాసింపట్టు వేసుకు కూర్చోమన్నారు. ఒకటో వైరు పీకగానే ఇంజన్ నీరసించింది. ఆవిడ "అయ్యో" అని కళ్లు మూసుకుంది గానీ కాలు దించలేదు. రెండోదానికీ అంతే. మూడోది పీకితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మూడోది!"

"నాకు మొదట్నుంచీ దానిమీదే అనుమానం," అంది అత్తగారు.

ప్లగ్గు మార్చినా మూడోది కదల్లేదు. ఇక మిగిలింది వైరు. చీకట్లో అయితే దాని బండారం బయటపడుతుంది గానీ, నడినెత్తిన ఎండ. భార్య నల్లగొడుగు విప్పింది, దానిమీద గోనెపట్టాలు కప్పారు. ఆ కింద నాలుగు తలలు దూరాయి. అందరికంటే ముందు దూరింది వ్యాపారి తల. గరగరలాడే ఇంజన్ మీద నీలంగా ఒక చిన్న మెరుపు, వైరులోంచి పక్కనున్న ఇనుము మీదికి టిక్కుటిక్కుమని దూకుతోంది.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడు వ్యాపారి, తానెందుకొచ్చాడో మరిచిపోయి.

వేడి గొట్టానికి ఒరుసుకుని ఒరుసుకుని వైరు తోలు ఊడింది. ప్లగ్గుకు అందాల్సిన నిప్పు దారిలోనే దిగిపోతోంది. కొత్త వైరు తొడిగేసరికి ఇంజన్ నల్లేరు మీద నడకలా సాగింది. అత్తగారు చప్పట్లు కొట్టింది. భార్య క్యారేజీ మూత మోగించింది.

"ఎత్తెక్కితే కదండీ ఒప్పుకునేది!" అన్నాడు వ్యాపారి, తాడు వదలకుండా.

"ఎక్కిస్తాను. మొక్కలు దింపేస్తాం, నలిగిపోతాయి. బరువుకి నువ్వు ఎక్కు నాయనా," అంది అత్తగారు.

అతను "నేనా?" అని తేరుకునేలోపే తల్లీకూతుళ్లిద్దరూ మొక్కలు దించేసి, చెరో రెక్కా పట్టుకుని తొట్టిలోకి తోశారు. అత్తగారు స్టీరింగు పట్టగానే పికప్పు ఒక్క ఉదుటున కదిలి, షెడ్డు వెనక నిటారు రోడ్డెక్కి మలుపు తిరిగింది.

జడ్జిగారు కళ్లు మూసుకుని చెవి ఒగ్గారు. బండి ఎత్తెక్కేకొద్దీ చప్పుడు ఖణీమని వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎక్కడా తప్పు లేదు. వాటి మధ్య ఇంకేదో అరుపులాంటిది కూడా ఉంది. "ఆపండమ్మా, ఒప్పుకున్నాను, మీ బండి మీకే!"

"అదేం చప్పుడండీ?" అంది భార్య.

జడ్జిగారు తొందరపడలేదు. మరికాసేపు విని, కళ్లు తెరిచి, "ఇంజన్‌ది కాదు," అన్నారు.