బావ వెక్కిరించిన చేదు బీరు

బీరు అక్కడికక్కడే తయారుచేసే ఉప్పల్ బార్‌కి మూడేళ్ల క్రితం మా పెద్దక్క భర్తతో, ఇంకొందరు చుట్టాలతో కలిసి వెళ్లాను. రుచి చూడమని ఇచ్చిన చిన్న గ్లాసుల్లో, హాప్స్ పువ్వు ఎక్కువ వేసిన చేదు బీరు నాకు నచ్చింది. బత్తాయి తొక్క గిల్లినట్టు వాసన.

"ఏంది బామ్మర్ది, కషాయం తాగుతవా?" అని నవ్వి, బావ అందరికీ గోధుమ బీరే చెప్పాడు. మా ఇంట్లో పెద్దబావ మాటకు తిరుగులేదు.

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. నాచారంలో డ్యూటీ దిగాక అప్పుడప్పుడు ఒక్కడినే ఆ బార్‌కి వెళ్లి, అక్కడి చేదు బీర్లన్నీ తాగి చూశాను.

మొన్న మళ్లీ అందరం అక్కడికే వెళ్లినప్పుడు, బావ నా గ్లాసులోని చేదు బీరు ఓ గుక్క తాగాడు.

"మస్తుంది! గిదుందని నాకెవ్వరు చెప్పలేదేంది?" అని అందరికీ అదే బీరు తెమ్మన్నాడు. తను వెక్కిరించిన సంగతే ఆయనకు గుర్తులేదు.

గుర్తుచేసే ఓపిక నాకూ లేదు.

"నాకు గోధుమ బీరు," అన్నాను.