గురువారం మధ్యాహ్నం నది కబురు

ఈ ఉదయం కారు డిక్కీ తెరవగానే తడి రబ్బరు వాసన గుప్పుమంది. పోయినసారి నదిలో దిగినప్పుడు వేసుకున్న బూట్లు, ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఆరబెట్టకుండానే మూటకట్టి పడేశాను. మా ఆవిడ ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, సుభద్ర గారు పక్కన నిలబడి మందలిస్తున్నట్టే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు పట్టడం నేర్పింది ఆవిడే, చేపలు పట్టడం నేర్పిందీ ఆవిడే. రెండింటికీ ఆవిడ దగ్గర ఒకటే పద్ధతి.

రెండు వేల ఏడులో శాంటా క్లారాలో నా మొదటి ఉద్యోగానికి ఆవిడ బాస్. బెజవాడ మనిషి, యాభై దాటిన వయసు, పొట్టిగా ఉండేవారు, కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్. సోమవారాలు ముక్కు మీద చర్మం ఎండకి కమిలి ఊడుతూ ఉండేది. ఆవిడకి 'అట' అనే మాట పడేది కాదు. "లాగిన్ పేజీ ఆగిపోతోందట" అని రిపోర్టు రాస్తే తిప్పి పంపేవారు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నది ఉండాల్సిందే. ఇప్పుడు రిటైరై మోంటానాలో ఉంటున్నారు, ఇంటి వెనకాలే నది ఉందట. అట కాదు, నేను వెళ్ళి చూసొచ్చాను.

ముక్కు అలా ఎందుకు కమిలిందో ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. ఫ్లై ఫిషింగ్ అన్నారు. ఈకలూ దారమూ కలిపి కొక్కానికి కట్టిన ఉత్తుత్తి ఈగను నీటి మీదికి విసిరి, అది నిజం ఈగేనని ట్రౌట్ చేపను నమ్మించాలి. నమ్మి వచ్చిన చేపను మళ్ళీ నీళ్ళలోనే వదిలేయాలి. మా కరీంనగర్‌లో ఈ మాట చెబితే ముందు నన్ను డాక్టరుకి చూపిస్తారు. అయినా ఆవిడ చెబుతున్నప్పుడు మొహంలో వచ్చిన వెలుగు చూసి, నన్నూ తీసుకెళ్ళమని అడిగాను.

శ్రద్ధ చూపించాలి కదా. రెండు సాయంత్రాలు కూర్చుని ఇంటర్నెట్‌లో ఆవిడ వెళ్ళే నది గురించి దొరికిందంతా ప్రింట్ తీశాను. నది పేరు మాత్రం ఇక్కడ రాయను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. నలభై పేజీలు, రంగురంగుల మ్యాపులతో సహా ఆవిడ టేబుల్ మీద పెట్టాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ తిరగేశారు.

"ఇవి రాసినవాళ్ళలో ఈ వారం నీళ్ళలో కాళ్ళు పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

లేరు. ఒకటేమో రెండేళ్ళ కిందటిది, ఒకటి ఎవరో ఎవరి దగ్గరో విని రాసింది, ఇంకొకదానికి తేదీయే లేదు. కొండల్లో మంచు కరిగే కాలంలో నది మూడు రోజుల్లో మారిపోతుందని, నిరుటి నీళ్ళ గురించి చదివి ఇవాళ దిగితే కొట్టుకుపోతామని చెప్పారు. తర్వాత భోజనాల వేళ నన్ను పార్కింగ్‌లోని తన కారులో కూర్చోబెట్టుకుని, స్టీరింగ్ మీద నోట్‌బుక్ ఆనించి, ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. ప్రతి గురువారం ఆవిడ చేసే పనే అది.

అవతల డోనా. అయిదు గంటల దూరంలో, సియెరా కొండల్లోని చిన్న ఊళ్ళో గాలాలూ ఈగలూ అమ్మే కొట్టు ఆమెది. సుభద్ర గారు అడిగినవి కొన్నే: నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, పొద్దున చల్లదనం ఎంత, ఇవాళ రాళ్ళ మీద ఏ పురుగులు కనిపించాయి, చూసింది ఎవరు. చేపలు ఎక్కడ పడుతున్నాయని మాత్రం అడగలేదు. అది వాళ్ళంతట వాళ్ళు చెబితేనే వినాలట, అడగడం మర్యాద కాదట. డోనాయే చివర్లో, చెక్క వంతెన దాటాక ఎడమవైపు ఒక పిల్లకాలువ ఉంది, కొత్త కుర్రాణ్ణి అక్కడ దించు అంది.

ఆ శనివారం పిల్లకాలువలో నా గాలం నాలుగుసార్లు చెట్టుకి, ఒకసారి నా టోపీకి తగులుకుంది. మధ్యాహ్నం మాత్రం అరచేయంత ట్రౌట్ ఒకటి నా ఈగని నమ్మేసింది. వదిలేముందు దాని ఒంటి మీది చుక్కల్ని చూస్తూ ఉండిపోయాను. తిరుగు దారిలో సుభద్ర గారు డోనా కొట్టు దగ్గర కారాపారు. గురువారం ఆమె మనకి చెప్పింది, కాబట్టి ఇవాళ మనం చూసింది ఆమెకి చెప్పి వెళ్ళాలి. ఖాళీ చేతులతో వచ్చినా సరే, ఖాళీ అని చెప్పాలి. వినే మనిషికి అదీ కబురే అన్నారు.

ఇంతవరకూ అంతా బాగుంది. తర్వాత నేను చేసిన పని మన తెలుగువాళ్ళు మాత్రమే చేయగలరు. మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో, వీసా పనికి ఏ లాయరు మంచివాడో, ఏ అపార్ట్‌మెంట్‌లో మొదటి నెల అద్దె మాఫీయో, అన్నీ మేము ఈమెయిల్ గ్రూపులో పంచుకునేవాళ్ళం. మంచిది దొరికితే ఒక్కళ్ళమే అనుభవించడం మనకి చేతకాదు. పిల్లకాలువ ఫోటోలు, దారి, ఎక్కడ పార్క్ చేయాలి, చేపలు ఏ రాయి పక్కన ఉంటాయి, పూసగుచ్చినట్టు రాసి గ్రూపుకి పంపేశాను.

ఆ తర్వాతి శనివారం పదకొండు కార్లు వెళ్ళాయి. పులిహోర డబ్బాలు, చాపలు, బ్యాడ్మింటన్ వల. పిల్లలు పొద్దుగూకేదాకా నీళ్ళలో రాళ్ళేసి ఆడుకున్నారు. చెత్త మాత్రం ఒక్క కాగితం కూడా వదలకుండా ఎత్తుకొచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ దారి తప్పిన ఒకాయన నా ఈమెయిల్ ప్రింట్ పట్టుకుని నేరుగా డోనా కొట్టుకే వెళ్ళి, ఈ కాలువ ఎక్కడండీ అని అడిగాడు. కింద నా పేరుంది.

ఆ గురువారం సుభద్ర గారు ఫోన్ చేస్తే డోనా చాలా మర్యాదగా మాట్లాడింది. నది బాగానే ఉన్నట్టుందండీ, ఎవరూ ఏమీ చెప్పలేదండీ అంది. అంతే. సుభద్ర గారు నోట్‌బుక్ మూసి నా వంక చూశారు.

"మా గ్రూపుకి దారంతా రాసి నేనే పంపిన మేడమ్," అన్నాను. "నలుగురికి మంచిదని పంపిన."

"మనకి నిజం చెప్పినందుకు డోనాకి నష్టం వచ్చింది నరేందర్. ఇంకోసారి ఎవరికైనా నిజం ఎందుకు చెబుతుంది?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ పోగొట్టుకున్నదేమిటో నాకు తెలుసు. ఆ నదిలో ఏడాదికి ఒక్కసారి, జూన్‌లో, చిటికెన వేలంత ఈగలు నారింజ రంగు పొట్టలతో నీళ్ళలోంచి పాక్కుంటూ వచ్చి, రాళ్ళ మీద పొర విడిచి, తొలకరి ఉసిళ్ళలా ఒక్కసారిగా లేస్తాయి. నాలుగైదు రోజులే ఉంటాయి. ఏ రోజు మొదలవుతాయో అక్కడుండేవాళ్ళకే తెలుస్తుంది. ఆరేళ్ళుగా ఆవిడ వెళ్ళడం, ముందో వెనకో అయిపోవడం. ఈసారి లేచిన రోజే ఫోన్ చేస్తానని డోనా మాటిచ్చింది. ఆ మాట నా ఈమెయిల్‌తో పోయింది.

మీరే ఒకసారి చెప్పండని బతిమాలాను. తను చెబితే డోనా మొహమాటపడి సరేనంటుందని, నువ్వే వెళ్ళి చెప్పుకోమని అన్నారు.

ఒక్కణ్ణే వెళ్ళాను. తప్పు నాదేనని, బాస్‌కి సంగతి తెలియదని చెప్పాను. డోనా కాసేపు ఈగల్ని డబ్బాల్లో సర్దుతూనే ఉంది. తర్వాత డ్రాయర్‌లోంచి ఒక థర్మామీటర్ తీసి, వంతెన కింద చూసి రా అంది. వెళ్ళి చూసొచ్చాను. ఫారెన్‌హీట్‌లో నలభై ఆరు డిగ్రీలు, నీళ్ళు మట్టిరంగు, పురుగుల్లేవు, చేపల్లేవు, నేనొకసారి జారి పడ్డాను, అన్నాను. చివరి ముక్కకి ఆమె పెదవి కొంచెం కదిలింది.

తర్వాత మూడు శనివారాలు అదే పని. గాలం తీసుకెళ్ళలేదు. ఇంట్లో ఉన్న ముగ్గురు రూమ్మేట్లూ నాకు పిచ్చెక్కిందని తీర్మానించారు. మూడో వారం వంతెన కింద నీళ్ళు తేటపడి టీ రంగుకి వచ్చాయి, యాభై రెండు డిగ్రీలు. ఒడ్డున రాయి తిప్పితే అడుగున ఏడు పెద్ద పురుగులు, కాళ్ళు ఆడిస్తూ. పరిగెత్తుకొచ్చి చెప్పాను. డోనా ఎంత పెద్దవని అడిగింది. చిటికెన వేలు చూపించాను. తల ఊపింది.

బుధవారం ఆఫీసులో నా టేబుల్ మీది ఫోన్ మోగింది. "నిన్న మధ్యాహ్నం మొదలైంది," అంది డోనా. "మీ బాస్‌కి చెప్పు."

సుభద్ర గారు మీటింగ్‌లో ఉన్నారు. తలుపు సందులోంచి తల పెట్టి, "మేడమ్, లేచినయట" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆవిడ ఆ 'అట'ని తిప్పి పంపలేదు. కాగితాలు పక్కాయన చేతిలో పెట్టి, ఇంట్లో అర్జెంటు పని ఉందని వచ్చేశారు. కారులో అయిదు గంటలూ ఆవిడ నోరు మూతపడలేదు.

సాయంత్రం ఎండలో నది మీద గాలంతా ఈగలే. ఆవిడ జుట్టులో, కళ్ళద్దాల మీద, మెడ మీద. పెద్ద బరువైన ఈగలు, నీళ్ళ మీద టపటపా పడుతుంటే ట్రౌట్లు సిగ్గు లేకుండా ఎగిరి మింగేస్తున్నాయి. ఆవిడ గాలం కర్ర చంకలో పెట్టుకుని మోకాటి లోతులో నిలబడి నవ్వుతూనే ఉన్నారు. తర్వాత విసిరారు. మోచేతి దాకా ఉన్న చేప ఒకటి వచ్చింది. నీళ్ళలోనే రెండు చేతులతో దాన్ని పట్టుకుని, "ఆరేళ్ళు రా నీ కోసం" అని తెలుగులో చెప్పి వదిలేశారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

చీకటి పడకముందే కొట్టు దగ్గర ఆగాం. చూసింది నేను డోనాకి చెబుతుంటే మధ్యలో ఫోన్ మోగింది. ఆమె ఎత్తి కాస్త విని, "ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చిన మనిషి ఉన్నాడు, ఆయన్నే అడగండి" అని రిసీవర్ నా చేతిలో పెట్టింది. ఎవరో ముసలాయన, మర్నాడు మనవరాలిని తీసుకుని బయల్దేరుతున్నాడు, నది ఎలా ఉందని అడిగాడు. నీళ్ళ రంగు చెప్పాను, ఈగలు ఏ వేళకి లేచాయో చెప్పాను, పిల్లని మోకాటి లోతు దాటనివ్వద్దని చెప్పాను. నది పై మలుపు దగ్గర ఎలా ఉందన్నాడు. అటు వెళ్ళలేదు, తెలియదన్నాను. సరిగ్గా ఎక్కడ దిగారన్నాడు. అది డోనాగారు చెప్పాలని రిసీవర్ తిరిగి ఇచ్చేశాను.

సుభద్ర గారు కౌంటర్‌కి ఆనుకుని అంతా వింటున్నారు. బయటికి వచ్చి కారు తాళాలు నా చేతికిస్తూ, "రేపటినుంచి నీ రిపోర్టులు నాకు చూపించక్కర్లేదు, నేరుగా పంపించెయ్" అన్నారు.

తర్వాత నాకు ప్రమోషన్లు వచ్చాయి, గ్రీన్ కార్డూ వచ్చింది. ఇప్పుడు నా కిందా పదిమంది పనిచేస్తున్నారు. వాటిలో ఏదీ ఆ మాటంత సంతోషం ఇవ్వలేదు. ఎవరైనా నన్ను ఏదైనా అడిగినప్పుడు, జవాబు నోటి చివరిదాకా వచ్చాక కూడా ఒక్క క్షణం ఆగుతాను. అవతల ఒక ముసలాయన మనవరాలి చేయి పట్టుకుని, నేను చెప్పబోయే మాట మీద నదిలోకి దిగబోతున్నాడు.